మలుపులో బల్బు, మా చేతుల్లో టాక్టికల్ టార్చీలు

మెట్ల మీద బల్బు ఉండటం నాగరికత కాదు, నామర్దా!

ఆవేశపడకండి. బల్బు చేసే పనేమిటి? ఎవడొచ్చినా వెలుగుతుంది. మీకూ, మీరంటే గిట్టనివాడికీ, దారిన పోయే పిల్లికీ ఒకటే వెలుతురు. ఇందులో మన గొప్పేముంది? అదే టాక్టికల్ టార్చి అయితే వెలుతురు మన చేతిలో ఉంటుంది, ఎదుటివాడి కంట్లో పడుతుంది.

మా మేడలో రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ మధ్య మలుపులో ఉన్న బల్బు మాడిపోయి చాలాకాలమైంది. అది తమది కాదని రెండో అంతస్తువాళ్ళు. మాది అసలే కాదని మూడో అంతస్తువాళ్ళమైన మేము. ఇరుపక్షాలూ నిజాయితీపరులం కాబట్టి పరాయి సొత్తు ముట్టుకోలేదు. ఆ చీకటే మమ్మల్ని వీరుల్ని చేసింది!

ముందుగా మా ఎదురు వాటా ఇన్సూరెన్సాయన ఒక టాక్టికల్ టార్చి కొన్నాడు. సైనికులు వాడే రకమట. కింది అంతస్తు పళ్ళ డాక్టరు ఊరుకుంటాడా? ఆయనది నుదుటికి కట్టుకునేది. ఆయన మర్యాదగా తలవంచి నమస్కారం పెడితే చాలు, మన కళ్ళు బైర్లు కమ్ముతాయి. పైవాటా లెక్కల మాస్టారు ఏకంగా నైట్ విజన్ కళ్ళజోడే తెప్పించాడు. చీకట్లో లోకమంతా ఆకుపచ్చగా, స్పష్టంగా కనిపిస్తుందట. కాకపోతే ఎదురుగా ఎవరైనా టార్చి వేస్తే ఇంకేమీ కనిపించదు. మా మెట్ల మీద టార్చి వేయనివాడెవడు? పాపం, ఆయన గోడ తడుముకుంటూనే ఎక్కుతాడు. కానీ ఆ ఠీవి చూడాలి!

నేనూ కొన్నాను. కిలోమీటరు దూరం కొడుతుంది. మా మెట్లు ఎంత పొడవని అడక్కండి. టపటపా వెలిగి ఆరే స్ట్రోబ్ లైటు కూడా ఉంది. దాడికి వచ్చినవాడికి దిమ్మ తిరుగుతుందని డబ్బా మీద రాశారు. ఇప్పటిదాకా చెత్త తీసుకెళ్ళే ఆవిడకే తిరిగింది.

ఈ ప్రగతి గిట్టని మనిషి మా ఇంట్లోనే ఉన్నారు. మా అత్తగారు! నేల అంతస్తులో ఆవిడ నేస్తం బట్టలు కుడుతుంది. సాయంత్రం మిషను ఆపాక ఇద్దరూ గుమ్మంలో కూర్చుని కబుర్లు చెప్పుకోవాలి. ఆ కాసేపే అత్తగారికి ప్రాణం. బల్బు పోయాక, మోకాళ్ళను నమ్ముకోలేక, దిగడం మానేశారు.

ఒకరోజు నేనే టార్చి పట్టుకుని ముందు నడిచాను. కిందనుంచి వస్తున్న పళ్ళ డాక్టరు తలెత్తి, "జాగ్రత్తమ్మా!" అన్నాడు. ఆ జాగ్రత్త నేరుగా ఆవిడ కళ్ళలో పడింది. మెట్టు తప్పారు. కమ్మీ చేతికి దొరికింది కాబట్టి సరిపోయింది. నాకైతే పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఇంక నేను దిగను బాబూ," అన్నారు. ఆ మాటకు నాకు బాధగానే అనిపించింది.

అందరం కలిసి ఎలక్ట్రీషియన్ను పిలిచాం. మసక చీకటి వేళ ఆయన వచ్చి స్టూలెక్కాడు. మేం చేతులు ముడుచుకుని కూర్చుంటామా? నాలుగు వైపులనుంచీ టార్చీలు వేశాం.

"మీకు దండం పెడతాను సార్, ఆపండి! హోల్డరు కనిపించట్లేదు!"

ఎవరు ముందు ఆపాలన్నదాని మీద చర్చ మొదలైంది. అది తేలకముందే ఆయన తడుముకుంటూ పాత బల్బు విప్పి, చెయ్యి చాపి, "సరే, కొత్త బల్బివ్వండి," అన్నాడు.

మేం ఒకరి మొహం మీద ఒకరం టార్చి వేసుకున్నాం. ఎవరి దగ్గరా లేదు! బల్బు తెస్తే అది మనదని ఒప్పుకున్నట్టు కాదూ?

అప్పుడు గుమ్మంలోంచి చూస్తున్న మా అత్తగారు లోపలికి వెళ్ళి, కొంగు చాటున ఏదో తెచ్చి ఆయన చేతిలో పెట్టారు. మలుపు వెలిగింది. టార్చీలు ఆపక తప్పలేదు. పళ్ళ డాక్టరుకు మీసాలున్నాయని నాకు అప్పుడే తెలిసింది.

పాఠకులారా, ఇది అన్యాయం కాదా? ఇప్పుడు చెత్తావిడ కూడా తలెత్తుకుని ఎక్కుతోంది! మా వీరత్వం ఏం కావాలి?

అత్తగారు రోజూ దిగుతున్నారు. ఆవిడ నవ్వు ఇక్కడిదాకా వినిపిస్తోంది. నేను మాత్రం ఈ వ్యాసాన్ని చంకలో టార్చి ఇరికించుకుని రాస్తున్నాను. నా రాతబల్ల మీది దీపంలో బల్బు లేదు. అదెక్కడ వెలుగుతోందో మీకు చెప్పనక్కర్లేదు.

ఇందాక అత్తగారు దిగబోతుంటే గుమ్మం దగ్గర ఆపి ఆ బల్బు సంగతి అడిగాను కూడా. ఆవిడ చెప్పులు వేసుకుంటూ చల్లగా అన్నారు: "మీకు టార్చి ఉందిగా బాబూ! కిలోమీటరు కొడుతుందన్నారు. కాగితం అంతకంటే దగ్గరేగా?"