ఈలల కమిటీ చైర్మన్

అనగనగా అదో పెద్ద అడవి. పెద్దది కాబట్టి అందులో ఒక సినిమా హాలుంది. హాలుంది కాబట్టి కమిటీ ఉంది. ఆ కమిటీకి చైర్మన్ భల్లూకరావు అనే ఎలుగుబంటి.

వయసులో ఉన్నప్పుడు ఆయనగారే ఒక నియమం పెట్టాడు. కమిటీకి ముందుగా వేసి చూపించినప్పుడు ఇంటర్వెల్ లోపు ఒక్క ఈలైనా పడని సినిమా హాల్లో ఆడకూడదు. ఆ నియమానికి మొదట బలైంది కూర్మయ్య అనే తాబేలు తీసిన సినిమా. అందులో ఒక ముసలి కొంగ చెరువుకు వెళ్తుంది, చేపలు తెచ్చుకుంటుంది, అంతే. మొసలితో ఫైటు ఎప్పుడని భల్లూకరావు అడిగి అడిగి, చివరికి గురక పెట్టాడు. రీళ్లను గుహలో పడేశారు.

ఏళ్లు గడిచాయి. ఒక వేసవిలో, పాత రీళ్లకు బూజు పడుతోందని, వాటిని వేసి చూసే పని చైర్మన్ మీద పడింది. హాలు చల్లగా ఉంటుంది, కునుకు తీయొచ్చనే ఆశతోనే ఆయన వెళ్లాడు. తెర మీద కొంగ రెండు చేపలు తెచ్చింది. ఒకటి పక్కనున్న ఖాళీ గూట్లో పెట్టింది. రెండోది తింది.

భల్లూకరావుకు నిద్ర పట్టలేదు. భార్య పోయాక కూడా తేనెపట్టు దొరికితే సగం తుంచి పక్కన పెట్టడం ఆయనకు అలవాటు. ఆ ఖాళీ గూడు చూసి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తనకు సినిమా చూడటం ఇప్పటికి వచ్చిందని ఒప్పుకోవడానికి మనసు రాక, కూర్మయ్యను పిలిపించి మెచ్చుకున్నాడు.

"సినిమా బాగా మార్చావయ్యా. అప్పుడిలా లేదు."

"ఒక్క రీలు కూడా ముట్టుకోలేదండీ," అన్నాడు కూర్మయ్య.

ఇక చైర్మన్‌కు ఒకటే కోరిక. ఆ ఖాళీ గూటి దగ్గర నిండు హాలంతా తనతోపాటు ఊపిరి బిగబట్టి కూర్చోవాలి. కానీ ఈలల నియమం అడ్డమొచ్చింది. తన నియమం తప్పని కమిటీ ముందు చెప్పడానికి నామోషీ. అందుకని గోరింకల గుంపుకు జామపళ్లు ముట్టజెప్పి, ఎక్కడ ఈల వేయాలో నేర్పాడు. ఎక్కడంటే, ఆయనకు అన్నిటికన్నా నచ్చిన చోట.

కమిటీకి సినిమా మళ్లీ వేసి చూపించినప్పుడు, కొంగ ఖాళీ గూట్లో చేప పెట్టగానే గోరింకలు ఈలలు వేశాయి. సినిమా పాసైంది. ఈల వేయాల్సిన చోటు అదేనని కమిటీలోని నక్క అడవంతా చాటింది.

విడుదల రోజున హాలు నిండిపోయింది. భల్లూకరావు ముందు వరసలో కళ్లు తుడుచుకోవడానికి సిద్ధంగా కూర్చున్నాడు. కొంగ గూటివైపు తిరిగిందో లేదో, కోతులు ఆకులు చింపి ఎగరేశాయి, దుప్పులు గెంతాయి, ఈలలకు తెర ఊగింది. ఖాళీ గూడు ఎప్పుడొచ్చి ఎప్పుడు పోయిందో ఎవరూ చూడలేదు.

"బ్రహ్మాండం చైర్మన్ గారూ," అంది నక్క ఆయన చెవిలో. "రెండో భాగంలో ఆ గూట్లో మొసలిని పెడదాం. ఫైటు మీకు నచ్చేట్టు తీయిస్తాను."

కూర్మయ్య ఓ మూల డిప్పలోకి తల లాక్కుని కూర్చున్నాడు. భల్లూకరావు అతని దగ్గరికెళ్లి క్షమించమన్నాడు. ఆ గోలలో అదీ వినపడలేదు.

నీతి: నచ్చని సినిమాను మూలన పడేసినా దానికేమీ కాదు, నచ్చిన సినిమాకు మాత్రం సాయం చేయకండి.