పన్నెండో గడి

గురజాల మిషను బడి హెడ్మాస్టరు కృపానందం ఆ ఆదివారం పొద్దున గడ్డం గీసుకుంటూ చేయవలసిన పనులన్నీ వరుసగా అనుకున్నాడు. ఉడకబెట్టిన గుడ్డు తినాలి. ఇస్త్రీ చొక్కా వేసుకోవాలి. అందరికన్నా ముందు చర్చికి చేరాలి. ఆ రోజు కోత పండుగ. సంఘంలోని ప్రతి ఇంటివాళ్లూ తమకు పండినదాంట్లో కొంత తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. ఆరాధన అయ్యాక ఆ గుమ్మడికాయలూ, కోళ్లూ, కందుల మూటలూ అక్కడికక్కడే వేలం వేస్తారు. పన్నెండేళ్లుగా సంఘం కార్యదర్శి కృపానందమే. వేలం వేసేదీ ఆయనే. ఈసారి వేలానికి ముందు ఒక పది నిమిషాలు టీ బొమ్మల మీద గట్టిగా మాట్లాడాలని రాత్రే నిశ్చయించుకున్నాడు.

ఆయన మాట్లాడాలనుకోవడంలో తప్పు లేదు. ఏడాది కిందట ఏదో టీ కంపెనీవాడు పొట్లానికొక ప్లాస్టిక్ బొమ్మ చొప్పున పెట్టి ఊరి మీదికి వదిలాడు. వేలెడంత ఏనుగు, గుర్రం, ఎద్దు, లేడి, ఇలా మొత్తం పన్నెండు. పన్నెండు గడులున్న ఒక అట్ట కూడా ఊరికే ఇచ్చాడు. బొమ్మ దొరికినప్పుడల్లా దాని గడిలో గుచ్చుకోవాలి. పదకొండు గడులు మూడు నెలల్లో నిండిపోయేవి. పన్నెండోది ఒంటె. అది మాత్రం ఎవరికీ దొరకలేదు.

పదకొండు బొమ్మలున్నవాడు పదకొండింటినీ చూసుకుని సంతోషించడు. ఆ ఖాళీ గడినే చూస్తాడు. అన్నం తింటూ చూస్తాడు, పడుకోబోతూ చూస్తాడు. ఈ సంగతి ఆ కంపెనీవాడికి బాగా తెలుసు. తెలిసే పిడికెడు ఒంటెలు చేసి దేశమంతా చల్లి, హాయిగా కూర్చున్నాడు. వాడి దుంపతెగ! దర్జీ సామ్యేలు ఇంట్లో టీ తాగేవాళ్లే లేరు. అయినా వారానికి నాలుగు పొట్లాలు కొని, పొడి పెంటకుప్ప మీద పోసేవాడు. మిరపతోటల్లో నడుములు విరిగేలా పనిచేసి వచ్చిన ఆడవాళ్లు జొన్నలు కొనకముందే కొట్టు గురవయ్య దగ్గర పొట్లం చింపి చూసుకునేవారు. చూసి, తిట్టుకుని, ఇంకొకటి ఇమ్మనేవారు.

కృపానందానికి దీనిమీద ఒళ్లు మండిపోయింది. బడిలో పిల్లల జేబులు వెతికి బొమ్మలన్నీ లాక్కున్నాడు. ఏడ్చినవాళ్ల అరచేతులు వాయించాడు. తన ఇంట్లోకి టీ పొట్లం రావడానికి వీల్లేదన్నాడు. ఆయన భార్య ఎస్తేరు పెళ్లికి ముందునుంచీ రెండు పూటలా టీ తాగే మనిషి. ఆ తాగుడు హఠాత్తుగా ఆగిపోయేసరికి పది నెలలుగా తలనొప్పితో నుదుటికి గుడ్డ కట్టుకుని తిరుగుతోంది. మజ్జిగ తాగమని ఆయన సలహా ఇచ్చాడు.

ఇంతవరకూ ఊరందరికీ తెలిసిన సంగతి. తెలియనిదొకటుంది.

ఒక సాయంత్రం బడి వదిలాక కృపానందం తను లాక్కున్న బొమ్మల్ని బల్లమీద పోశాడు. కుప్పగా పడి ఉంటే చూడబుద్ధి కాలేదు. ఏ జాతివి ఆ జాతి విడదీశాడు. పదకొండు రకాలు తేలాయి. క్రమంగా ఉంటే బాగుంటుంది కదా అని ఒక అట్ట సంపాదించి వాటిని గుచ్చాడు. ఏ వస్తువు చేతికొచ్చినా దానిమీద పేరు రాయడం ఆయన అలవాటు కాబట్టి, అట్ట నెత్తిన గుండ్రటి అక్షరాలతో 'బి. కృపానందం, ప్రధానోపాధ్యాయుడు' అని రాశాడు. అప్పుడు చూశాడు పన్నెండో గడిని.

అక్కడినుంచి నెలకోసారి ఆఫీసు పనని చెప్పి బస్సెక్కి నరసరావుపేట వెళ్లేవాడు. అక్కడ ఎవరూ ఎరగని కొట్లో పొట్లాలు కొని, బస్టాండు వెనక నిలబడి చింపేవాడు. ఒంటె ఉండేది కాదు. పొడి పారబోయడానికి మనసొప్పక తెచ్చి బడి బీరువాలో ఖాళీ సుద్దముక్కల పెట్టెల్లో నింపేవాడు. తిరిగొచ్చిన మర్నాడు పిల్లలకు రెట్టింపు దెబ్బలు పడేవి. బొమ్మలున్న అట్టను బిస్కెట్ల డబ్బాలో పెట్టి, ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున దాచాడు. ఒకరోజు బట్టలు సర్దుతూ ఎస్తేరు ఆ డబ్బా బయటికి తీసి ఇదేమిటని అడిగింది. ఆయనకు ఆ క్షణాన ఇంకేమీ తోచలేదు.

"అది దేవుడి సొత్తు. ముట్టుకోమాక" అన్నాడు.

ఇదిగో, ఈ అబద్ధమే ఆ ఆదివారం పొద్దున ఆయన కొంప ముంచింది. ఆయన గుడ్డు తిని ముందుగా వెళ్లిపోయాడు. ఎస్తేరు గుమ్మడికాయ బుట్టలో పెట్టుకుని బయలుదేరబోతూ ఆగింది. దేవుడికివ్వవలసినవన్నీ ఇచ్చే రోజు ఇది. దేవుడి సొత్తేమో ట్రంకుపెట్టెలో ఉండిపోయింది. ఆయనే మరిచిపోయాడు. ఆయన ఏది మరిచిపోయినా తిట్లు తినేది తను. ఎస్తేరు గబగబా డబ్బా తీసి, మూత ఊడకుండా తాడు కట్టి, గుమ్మడికాయ పక్కన పెట్టుకుంది.

ఆరాధన ముగిసింది. కృపానందం లేచి గొంతు సవరించుకున్నాడు. పిల్లల తిండి తీసి కంపెనీవాడి నోట్లో పోస్తున్నారని తల్లిదండ్రుల్ని దులిపేశాడు. తలలు వంగాయి. దర్జీ సామ్యేలు చెవులు ఎర్రబడ్డాయి. తన ఇంట్లో టీ పొట్లం అడుగుపెట్టి పది నెలలైందని, మనసుంటే ఎవరికైనా సాధ్యమేనని చెబుతూ బలిపీఠం వైపు చెయ్యి చాపాడు. చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది. గుమ్మడికాయకూ కందుల మూటకూ మధ్య తన బిస్కెట్ల డబ్బా కూర్చుని ఉంది.

ప్రసంగం అక్కడితో ఆగిపోయింది. ఆయన గబగబా వెళ్లి, ఇది పొరపాటున వచ్చిందంటూ డబ్బా చంకలో పెట్టుకోబోయాడు.

ఆడవాళ్ల వైపు నుంచి హన్నమ్మ లేచింది. హన్నమ్మ కూలికి పోయే మనిషి, ఒంటరి. మూడేళ్ల కిందట ఇదే పండుగకు చీకట్లో పుంజు అనుకుని గుడ్లు పెట్టే పెట్టను పట్టుకొచ్చింది. తప్పు తెలిసి, పెట్టను తీసుకుని పుంజును తెస్తానని బతిమాలింది. బలిపీఠం ముందు పెట్టాక అది దేవుడిదని, కావాలంటే వేలంలో కొనుక్కోమని కృపానందం అందరిముందూ కసిరాడు. కొనడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. ఆ పెట్టను ఎస్తేరు పాడుకుంది. మూడేళ్లుగా కృపానందం పొద్దున్నే తింటున్నది దాని గుడ్డే. ఆ మూడేళ్లూ హన్నమ్మ ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడింది.

"బలిపీఠం కాడ పెట్టింది దేవుడిదన్నారు గదా మేష్టారూ. నా కోడికొక న్యాయం, మీ డబ్బాకొక న్యాయమా?"

పాస్టరు అబ్రహాం అయ్యగారు నెమ్మదస్తుడు. ఒక్క క్షణం ఆలోచించి, హన్నమ్మ చెప్పింది నిజమేనన్నారు. సంఘ పెద్ద దానయ్య వచ్చి కృపానందం చంకలోంచి డబ్బా లాగి పైకెత్తాడు. లోపల గలగలమంది.

చర్చిలోని పిల్లలందరికీ తెలిసిన చప్పుడది. ముందు పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తర్వాత పెద్దవాళ్లు చూసుకున్నారు. బొమ్మల్ని లాక్కున్నది మేష్టారు. డబ్బా వచ్చింది మేష్టారి ఇంటినుంచి. ఏడాదిగా ఎవరికీ దొరకని ఒంటె ఎక్కడో ఒకచోట ఉండాలి కదా? ఆయన అంతగా పట్టుకుని వదలడం లేదంటే ఇంకెక్కడుంటుంది? ఈ మాట గుసగుసగా మొదలై రెండు నిమిషాల్లో వెనకబెంచీల దాకా పాకింది. ఏటా గుమ్మడికాయలు చవగ్గా కొనుక్కోవడానికి వచ్చి గుమ్మంలో నిలబడే కొట్టు గురవయ్య కూడా లోపలికొచ్చి కూర్చున్నాడు.

వేలంలో ఏ డబ్బా అయినా, ఏ మూట అయినా పాడుకున్నవాళ్లు అందరిముందూ విప్పి చూపించాలి. ఆ నియమం పెట్టింది కృపానందమే. ఇంకెవరు పాడుకున్నా అట్ట బయటపడుతుంది. అట్టమీద తన పేరు ఉంది. పది నిమిషాల కిందట తను తిట్టిన వాళ్లందరూ ఆ పేరు చదువుతారు. రేపటినుంచి బడిలో బెత్తం పట్టుకున్న ప్రతిసారీ పిల్లలు ఆ పేరే తలుచుకుంటారు. డబ్బా తన ఇంటికే తిరిగి రావాలి. కానీ వేలం వేసేవాడు పాడకూడదు. ఆ నియమమూ ఆయనదే.

పాట పావలాతో మొదలైంది. ఆయన ఎస్తేరు వైపు చూసి పాడమన్నట్టు చెయ్యి పైకెత్తాడు. ఇరవయ్యేళ్ల కాపురంలో ఆ చెయ్యి ఎత్తినప్పుడల్లా ఆమె నోరు మూసుకోవడమే నేర్చుకుంది. బుద్ధిగా కూర్చుంది. ఆయన కళ్లు పెద్దవి చేశాడు. ఆమె ఇంకా బుద్ధిగా కూర్చుంది. ఈలోపు సామ్యేలు రూపాయి దాటించాడు. గురవయ్య మూడన్నాడు. కృపానందం పళ్లు నూరుకుని, వేలం దానయ్యకు అప్పగించి, కిందికి దిగి నాలుగన్నాడు.

అంతే, చర్చిలో కలకలం రేగింది. పన్నెండేళ్లలో ఒక్కసారీ పాడని మేష్టారు పాడుతున్నాడు. ఇక ఒంటె లోపలున్నట్టే. పక్కవాళ్లు సామ్యేలును గిల్లారు, వెనకవాళ్లు గురవయ్యను ఉసికొల్పారు. కృపానందం ఒకటి పెంచితే సామ్యేలు రెండు పెంచాడు. ఆయనకు కోపం ముంచుకొచ్చింది. సామ్యేలు మీద, గురవయ్య మీద, బుద్ధిగా కూర్చున్న భార్య మీద, అందరికన్నా ఎక్కువగా మొహం తెలియని ఆ కంపెనీవాడి మీద. హన్నమ్మ పదకొండు అంది. అవి ఆమె మిరపకాయల కూలీ మొత్తం. సామ్యేలు పన్నెండనడానికి నోరు తెరిచాడు.

"ఒరేయ్, ఎందుకురా కొట్టుకు చస్తారు! ఆ డబ్బాలో ఒంటె లేదు!"

కృపానందం కేక చర్చి కప్పుకు తగిలి తిరిగొచ్చింది. సామ్యేలు తెరిచిన నోరు మూసుకున్నాడు.  హన్నమ్మ మాత్రం నింపాదిగా అడిగింది.

"లేదని మీకెట్టా తెలుసు మేష్టారూ?"

 దానయ్య ఒకటోసారి అన్నాడు, రెండోసారి అన్నాడు. పన్నెండు అనవలసింది కృపానందం. కానీ ఆయన హన్నమ్మ వైపే చూస్తూ ఉండిపోయాడు. మూడోసారితో డబ్బా హన్నమ్మదైంది.

ఆమె తాడు విప్పింది. అట్ట తీసి అందరికీ కనిపించేలా పట్టుకుంది. ఆమెకు చదువు రాదు. చదువొచ్చిన వాళ్లందరూ చదువుకున్నారు. ముందు పిల్లల వైపు నుంచి ఒక చిన్న నవ్వు వచ్చింది. తర్వాత దాన్ని ఎవరూ ఆపలేకపోయారు.

ఎస్తేరు నవ్వలేదు. ఖాళీ గడి ఉన్నవాడు ఎక్కడో పొట్లాలు చింపే ఉంటాడని ఆమెకు తట్టింది. ఆమె నుదుటి గుడ్డ విప్పి చేత్తో పట్టుకుని భర్త దగ్గరికి నడిచింది.

"నరసరావుపేటలో ఆఫీసు పనంటే ఇదా? ఆ పొడంతా ఏం జేశావు?"

సుద్దముక్కల పెట్టెల సంగతి ఆయన చెప్పాడు. మొత్తం పదిహేడు పెట్టెలు. ఎస్తేరుకు జన్మలో అంత కోపం ఎప్పుడూ రాలేదు. పది నెలల తలనొప్పి ఆమె కళ్లలో నిలబడింది. ఆమె హన్నమ్మ వైపు తిరిగింది.

హన్నమ్మ అప్పటికి తన వక్కాకు సంచి విప్పుతోంది. వక్కల మధ్య నుంచి ఏదో తీసి, కొంగుతో తుడిచి, పన్నెండో గడిలో గుచ్చింది. గోధుమరంగు ఒంటె. మెడ కొంచెం వంకర.

"ఏడాదిగా నా సంచీలోనే ఉంది. ఎవురన్నా నన్నడిగితే గదా" అంది.

జనం ముందుకు తోసుకొచ్చారు. నిండిన అట్టను చూశారు. పన్నెండు గడులు, పన్నెండు బొమ్మలు. చూడడానికి అంతకుమించి ఏమీ లేదు. ఎవరో ఇంతేనా అన్నారు. సామ్యేలు కందుల మూట వేలం ఎప్పుడని అడిగాడు. ఏడాదిపాటు ఊరి నిద్ర చెడగొట్టిన వస్తువు రెండు నిమిషాల్లో ఎవరికీ అక్కర్లేకుండా పోయింది.

హన్నమ్మ అట్టను డబ్బాలో పెట్టి కృపానందం ముందుకు చాపింది. ఇది ఉంచుకుని తన కోడిని తనకిమ్మంది. ఆయన నోరు విప్పేలోపే ఎస్తేరు సరేనంది. ఇప్పుడే పట్టిస్తాను రమ్మంది. ఆడవాళ్లిద్దరూ బయటికి నడిచారు. వెళ్తూ వెళ్తూ హన్నమ్మ, కోడిని గూట్లో వేశాక టీ పెడతాను, తాగి వెళ్లమని ఎస్తేరును పిలవడం అందరికీ వినిపించింది. ఎస్తేరు సాయంత్రం దాకా ఇంటికి రాలేదు.

కృపానందం ఇంట్లో ఒక్కడే కూర్చుని అట్ట ముందు పెట్టుకున్నాడు. ఒంటెను చూశాడు. దానికోసం ఎన్ని బస్సులెక్కాడో, ఎంతమంది పిల్లల్ని కొట్టాడో గుర్తొచ్చి సిగ్గేసింది. మర్నాడు బడిలో ఎవరి బొమ్మలు వాళ్లకు పంచేశాడు. ఎవరూ ఉత్సాహంగా తీసుకోలేదు. పదిహేడు సుద్దముక్కల పెట్టెలూ తనే మోసుకుని ఇంటికి తెచ్చాడు. అరుగు మీద కూర్చుని టీ తాగుతున్న ఎస్తేరు, హన్నమ్మ వాటిని ఎక్కడ పెట్టాలో చూపించారు. మంగళవారం గురవయ్య కొట్టుముందు కొత్త బోర్డు వేలాడింది. టీ పొట్లాల్లో ఈసారి పక్షులట, ఇరవై నాలుగట.

కృపానందం అటువైపు తల కూడా తిప్పకుండా బడికి వెళ్లిపోయాడు. నెమలి ఎక్కడా దొరకడంలేదని మాత్రం శనివారానికల్లా ఆయనకు తెలుసు.