రాయమల్లుకు శత్రువు కావలెను

గోదావరిఖనిలో రాయమల్లును చంపాలనుకునే మనిషి ఒక్కడు కూడా లేడన్న భయంకరమైన నిజాన్ని లండన్‌లో ఒక ఆఫీసర్ కనిపెట్టాడు.

నల్లవజ్రం గని కార్మిక సంఘం అధ్యక్షుడు రాయమల్లు నిరుడు బతుకమ్మ సంబరాలకు ముఖ్య అతిథిగా లండన్ వెళ్లాడు. బతుకమ్మను నీళ్లలో వదిలాక అందరూ తిరిగొచ్చారు, ఆయన రాలేదు. సకల జనుల సమ్మెను ముందుండి నడిపానని, తిరిగి వెళ్తే ప్రత్యర్థి సంఘం ప్రాణం తీస్తుందని, ఆశ్రయం ఇమ్మని అక్కడ దరఖాస్తు పెట్టుకున్నాడు. నమ్మేట్టు లేదని కొట్టేశారు. ఇక మిగిలింది ఇమ్మిగ్రేషన్ కోర్టులో అప్పీలు.

ఈ వార్తకు అందరికన్నా ఎక్కువ కుమిలిపోయినవాడు ఆగయ్య. ఏడాదిగా సంఘం ఆఫీసులోని తిరిగే కుర్చీనీ, బోర్డున్న జీపునూ, ఇన్‌చార్జి అధ్యక్షుడన్న హోదానూ ఓపికగా మోస్తున్న త్యాగమూర్తి ఆయనే. అప్పీలు పోతే రాయమల్లు వస్తాడు. రాయమల్లు వస్తే కుర్చీ పోతుంది.

వెంటనే ప్రెస్‌మీట్ పెట్టాడు. "మా నాయకునికి ప్రాణహాని సాధించేదాక నిద్రపోం!" అని ప్రకటించాడు. విలేకరులు మిర్చిబజ్జీలు తిని చప్పట్లు కొట్టారు.

ముందు ప్రత్యర్థి సంఘం నాయకుడు నర్సింగాన్ని పట్టుకున్నాడు. ఆయన గని గేటు ముందు చాయ్ తాగుతున్నాడు.

"నర్సింగమన్నా, మా రాయమల్లన్నను సంపుతనని ఒక్క మాట అనరాదే."

"ఎందుకురా? ఏం జేసిండు?"

"సమ్మెల మీరు లాఠీ దెబ్బలు తింటుంటే ఆయన పాస్‌పోర్టు ఆఫీసుల లైన్ల నిలవడ్డడు. కోపం వస్తలేదా?"

"మనిషి కనవడితే గదా కోపం వచ్చేది. గిప్పుడేడ ఉన్నడు, నైట్ షిఫ్టా?"

"లండన్ల, అన్నా! ఏడాదాయె!"

"ఔనా?" నర్సింగం గ్లాసు కింద పెట్టాడు. "మొన్ననే కనవడ్డట్టుండె గదనే."

మనిషి మీద పుట్టని కోపాన్ని బొమ్మ మీదైనా పుట్టించాలనుకున్నాడు ఆగయ్య. గోదావరిఖనిలో ఎవరి మీద మండినా గడ్డిబొమ్మను పాడె మీద ఊరేగించి చౌరస్తాలో తగలబెట్టడం ఆనవాయితీ. శత్రువులు దొరకలేదు కాబట్టి సొంత సంఘం సభ్యులనే శత్రువులుగా నియమించాడు. "డౌన్ డౌన్ అనాలె, మరువకుండ్రి," అని పదిసార్లు చెప్పాడు.

పాడె లేచింది. డప్పు మోగింది. ఉద్యమంలో ఎన్నో అంతిమయాత్రల వెంట నడిచిన జనం అది. ముందున్నవాడు "రాయమల్లు!" అనగానే వెనకున్నవాళ్లంతా అలవాటుగా "అమర్ రహే!" అన్నారు.

"డౌన్ డౌన్ అనుండ్రిరా!" అంటూ ఆగయ్య అటూ ఇటూ ఉరికాడు. డప్పు మోతలో ఎవరికీ వినిపించలేదు.

కూరగాయలమ్మే పోశవ్వ తక్కెడ పడేసి పరుగెత్తుకొచ్చింది. "అయ్యో కొడుకా, ఎప్పుడు పాయెరా!" అని బొమ్మ మీద పడి ఏడ్చింది. నర్సింగం చెప్పులు విడిచి వచ్చి పాడెకు భుజం పట్టాడు. ఎంత ప్రత్యర్థయినా ఒకే గనిలో దిగినవాడు.

చౌరస్తాలో ఏడుపుల మధ్యే బొమ్మకు నిప్పంటించారు. అదంతా తీసిన వీడియోను ఆగయ్య లండన్‌కు పంపాడు. "అక్కడోళ్లకు తెలుగొస్తదా? మంట కనవడితే సాలు," అని ధైర్యం చెప్పుకున్నాడు.

విచారణ రోజు ఆగయ్య సంఘం ఆఫీసులో తిరిగే కుర్చీలో కూర్చుని, స్పీకర్ ఫోన్లో సాక్షి. కోర్టు పెట్టిన దుబాసీ తెలుగువాడే, వీడియో అంతా విని పొల్లుపోకుండా చెప్పేశాడు.

"ఆగయ్య గారూ, ప్రభుత్వ లాయర్ ఏమంటున్నారంటే, ప్రత్యర్థే పాడె మోశాడు, ముసలమ్మ ఏడ్చింది, ఊరంతా అమర్ రహే అంది. బొమ్మకే ఇంత ప్రేమ పంచిన ఊరికి మనిషిని పంపడానికి భయమెందుకంటున్నారు. జడ్జిగారిది ఆఖరి ప్రశ్న. ఈయన తిరిగొస్తే చంపాలనుకునేవాళ్లు నిజంగా ఒక్కరైనా ఉన్నారా?"

ఫోన్లో వెనక నుంచి రాయమల్లు గొంతు వినిపించింది. "జల్ది చెప్పు తమ్మీ! లేకుంటె వచ్చే వారమే పంపుతరట. గట్లయితే నా కుర్చీ తుడిపిచ్చి పెట్టు."

ఆగయ్య కుర్చీ చేతులను రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు. ఇన్నాళ్లు ఊరంతా వెతికిన మనిషి ఎదురుగా గోడకున్న అద్దంలో కనిపించాడు.

"ఉన్నడు సార్, ఒక్కడున్నడు. ఆయన రామగుండం టేషన్ల రైలు దిగిన నాడే సంపేటోడు. అబద్ధమైతే నా నాలిక తెగిపోను. నేనే సార్. పేరు ఆగయ్య. హోదా అధ్యక్షుడు. ఇన్‌చార్జి అన్న మాట మాత్రం రాయకుండ్రి."