పెట్టెలో ఊపిరి

ఆ శుక్రవారం పొద్దున సుందరం వేసుకున్న పథకం చాలా చిన్నది. నంద్యాలలో కూతురింటికి వెళ్లిన తన తల్లి విశ్వాసమ్మ మూడు గంటల రైలుకు దిగేలోగా గాలి తుపాకీ బాగుచేయాలి, తన కూతురు కృపమణి చేత నాలుగు గుండ్లు పేల్పించి చూడాలి, మళ్లీ దాచేయాలి. మరునాడు కర్నూలులో బడిపిల్లలకు గురి పోటీలు. బేతంచెర్ల నుంచి పోతున్నది పదమూడేళ్ల కృపమణి ఒక్కతే.

అడ్డమంతా విశ్వాసమ్మే. నాపరాళ్ల గని చూసుకునే దొర దేశం వదిలి పోతూ, తన మేస్త్రీ సుందరానికి ఆ తుపాకీ ఇచ్చిపోయాడు. ప్రార్థన జరిగే ఇంట్లో తుపాకీ ఉండకూడదని, కంటబడితే నీళ్లు నిండిన పాత గనిగుంతలో పారేస్తానని విశ్వాసమ్మ ఆనాడే తేల్చి చెప్పింది. తల్లి లేని కృపమణిని చేతులమీద పెంచింది ఆమే. అయినా ఈ విషయంలో ఆ పిల్ల కన్నీళ్లకు కూడా కరగలేదు.

పదిసార్లు పంపు కొట్టినా గుండు నాలుగు బారల అవతల రాలిపోవడం తుపాకీకి వచ్చిన జబ్బు. సుందరం విప్పి చూస్తే లోపలి తోలుబిళ్ల ఎండి అప్పడమై ఉంది. పాత చెప్పులోంచి కొత్త బిళ్ల కోసి, ఆముదంలో నానబెట్టి బిగించాడు. ఈసారి గుండు పోయి పెరటి గోడమీది రేకుడబ్బాకు టంగున తగిలింది. కృపమణి తండ్రిని వాటేసుకుంది.

తుపాకీని ఉత్తగా దాచకూడదని, రెండు పంపుల గాలి ఉంచితే లోపల దుమ్ము చేరదని దొర చెప్పేవాడు. రెండు మంచివైతే ఎనిమిది ఇంకా మంచివి కదా అని సుందరం ఎనిమిది కొట్టాడు. గుండు మాత్రం పెట్టలేదు, అంత తెలివి ఉంది.

ఇక దాచే చోటు. చచ్చాక కొడుకు చవక చెక్కతో కానిచ్చేస్తాడని విశ్వాసమ్మకు అనుమానం. అందుకని బతికుండగానే టేకుతో శవపేటిక చేయించుకుని వెనక గదిలో పెట్టుకుంది. సమాధి రాయి కూడా పేరుతో సహా చెక్కించి ఇంటి ముందు గోడకు ఆనించింది. అందులో తేదీ ఒక్కటే ఖాళీ. నెల మొదటి రోజున పెట్టె తెరిచి దుమ్ము తుడవడం ఆమె పని, మరొకరు ముట్టరు. సుందరం తుపాకీని అందులో పడుకోబెట్టి మూత వేసి గనికి పోయాడు. కృపమణి బడికి పోయింది.

మిట్టమధ్యాహ్నం పక్కింటి హంపమ్మ జల్లెడ కోసం వచ్చింది. వీధిలో కాకి కూడా లేదు. గొళ్లెం తీసి వెనక గదిలోకి అడుగుపెట్టేసరికి పెట్టెలోంచి ఊపిరి వినిపించింది. ఎవరో నెమ్మదిగా, బరువుగా, పళ్ల సందునుంచి వదులుతున్న ఊపిరి. ఆగింది. హంపమ్మ కూడా ఊపిరి బిగబట్టింది. మళ్లీ మొదలైంది.

జల్లెడ సంగతి మరిచిపోయి ఆమె సంఘం ఉపదేశి ప్రేమయ్య దగ్గరికి పరుగెత్తింది. ఆయన బైబిలు పట్టుకుని వచ్చి, గడప ఇవతలే నిలబడి చెవి ఒగ్గాడు. పెట్టె నిట్టూర్చింది. విశ్వాసమ్మ నంద్యాలలో ప్రాణం విడిచిందని, దేహం కంటే ముందు ఆత్మ తన పెట్టె చేరుకుందని ఆయన నిర్ణయించాడు. అలా జరుగుతుందని ఆయన ఎక్కడా చదవలేదు, కాని చెవులతో విన్నాక చదవవలసిన పనేముంది?

చర్చి గంట మోగింది. గనిలో సుత్తులు ఆగాయి. నలుగురు గడ్డపారలు తీసుకుని సమాధుల దొడ్డికి నడిచారు. రాళ్లు చెక్కే ఓబన్న, ఆలస్యం చేస్తే ఆమెకు కోపమొస్తుందని, ఉలి తీసుకుని రాతిమీద ఆనాటి తేదీ చెక్కేశాడు. సుందరానికి తల్లి పోయిందన్న కబురు ఒక్కటే అందింది. గుండెలు బాదుకుంటూ వచ్చి గుమ్మంలో కూలబడ్డాడు. తుపాకీ అన్నది ఒకటుందన్న ధ్యాసే లేదు.

బడినుంచి ఏడుస్తూ వచ్చిన కృపమణి ఊపిరి వినగానే ఏడుపు ఆపింది. కొత్త తోలు ఇంకా సర్దుకోలేదు, గాలి కారుతోంది. అవ్వకేమీ కాలేదు. కాని ఆ మాట చెబితే తుపాకీ గుంతలోకి, తను కర్నూలు పోకుండా ఇంట్లోనే. చెప్పకపోతే అవ్వను బతికుండగానే సాగనంపేలా ఉన్నారు. చివరికి తండ్రి చెవిలో, "నాయనా, అది మన తుపాకీ," అంది.

సుందరం తలెత్తేసరికి వీధి మొదట్లో జనం గోడలకు అతుక్కుపోతున్నారు. ఓబన్న చేతిలోంచి ఉలి జారింది. మూట చంకన పెట్టుకుని విశ్వాసమ్మ నడిచి వస్తోంది.

"ఎవరు పోయినారప్పా?" అని అడిగింది. హంపమ్మ దూరంనుంచే చెప్పింది.

"నువ్వే, అత్తా."

విశ్వాసమ్మ అందరినీ ఎగాదిగా చూసి లోపలికి నడిచింది. పెట్టె ఊపిరి విడిచింది. ఆమె ఏ మాత్రం జంకకుండా మూత ఎత్తి, తుపాకీ బయటికి తీసింది. కృపమణి ముందుకొచ్చి ఉన్నదంతా చెప్పేసి, అవ్వ చేతిలోని తుపాకీ మీట నొక్కింది. మిగిలిన గాలి టప్పున పోయింది. గుమ్మం అవతల నవ్వులు మొదలయ్యాయి. ప్రేమయ్య ఎవరి వంకా చూడకుండా బైబిలు మూశాడు.

విశ్వాసమ్మ నవ్వలేదు. "చెప్పింది చెప్పినట్టే. గుంతలో పారేసొస్తా," అంటూ గడప దాటబోయింది. కృపమణి ఆమె చెంగు పట్టుకుంది.

అప్పుడు, ఏమీ లేని పెట్టె ఊపిరి విడిచింది. మొదటివాటికంటే పొడవుగా, అలసటగా, ఇన్నాళ్లూ ఆపుకున్నట్టుగా.

వీధి ఖాళీ అయింది. పెట్టెలోకి తొంగి చూసే ధైర్యం సుందరానికి లేకపోయింది. విశ్వాసమ్మ గడప దాటలేదు, తుపాకీ మొనను పెట్టెవైపు తిప్పి పట్టుకుంది.

"రేపు కర్నూలుకు తీసుకపో," అంది విశ్వాసమ్మ, తుపాకీని మనవరాలికి అందిస్తూ. "పొద్దు గూకేలోపల తెచ్చి నా మంచం పక్కన పెట్టల్ల."

ఆనాటినుంచి తోలుబిళ్లకు వారం వారం ఆముదం పట్టించే పని విశ్వాసమ్మ మరొకరికి వదల్లేదు.