కాటమరాజు నడుముకు గంట

ఆ ఉదయం గురమ్మ అనుకున్న పని చిన్నదే. ఎండ ముదరకముందే కొర్రలు దంచుకోవాలి. అందుకు నాయన కాటమరాజు కాసేపు వాకిట్లో కుదురుగా కూర్చోవాలి. అది జరిగే పని కాదని ఆమెకు తెలుసు.

కాటమరాజుకు ఎనభై దాటాయి. బేస్తవారిపేటకు పడమర దిక్కున, కొండ కింది పల్లెలో జీవాలు కాసుకుని బతికిన మనిషి. కొంతకాలంగా ఆయనకు మతి నిలవడం లేదు. కరువులో మంద అమ్ముకున్న సంగతి మరచిపోయి, తెల్లవారగానే కర్ర పట్టుకుని జీవాల కోసం బయలుదేరేవాడు. తిరిగి రావడానికి దోవ తెలిసేది కాదు. ఒకసారి కంభం చెరువు కట్ట మీద దొరికాడు, మరోసారి రైలు పట్టాల పక్కన. ఆయన్ను చూసుకోవడానికి గురమ్మ తప్ప ఎవరూ లేరు. మొగుడు పోయాక పుట్టింటికి వచ్చేసిన మనిషి, పిల్లలు కలగలేదు. తలుపుకు గొళ్లెం పెట్టి చూసింది. లోపల ఆయన పసివాడిలా ఏడ్చాడు. బయట మెట్టు మీద కూర్చుని తనూ ఏడ్చి, గొళ్లెం తీసేసింది.

చూరులో పాత గంట ఒకటి వేలాడుతోంది. వెనకటికి మంద ముందు నడిచే పొట్టేలు మెడలోది. నాయన నడుముకు అది కడితే ఎక్కడ తిరుగుతున్నదీ వింటూ దంచుకోవచ్చని గురమ్మకు తోచింది. కడుతూ ఉంటే ఆయన మురిసిపోయాడు. కొత్త మొలతాడు అనుకున్నాడు కాబోలు.

గంట ఇంటి ముందు మోగింది. తర్వాత పెరటి గోడ అవతలికి పోయి, అక్కడే ఆగింది. గురమ్మ రోలు దగ్గర కూర్చుంది. మధ్య మధ్య రోకలి ఆపి చెవి పెట్టేది. గోడ అవతల గణగణమనేది. ఆమె మనసు కుదుటపడేది.

"ఎండలోకి పోవాకు నాయనా," అంది ఒకసారి.

గంట మోగింది.

నాయన ఆ మాత్రం బదులిచ్చి ఎంత కాలమైందో. గురమ్మకు ఇంకాస్త మాట్లాడాలనిపించింది. మాపటికి ఏం వండమంటావని అడిగింది. ఈ ఏడు వాన వెనకబడిందని చెప్పింది. నీ దగ్గరే ఉండి కూడా నాకు ఎవరూ లేనట్టే ఉంటుందని చెప్పింది. అమ్మ పోయిన నాటినుంచి ఎవరితోనూ అనని మాటలు కూడా కొన్ని చెప్పింది. ప్రతిదానికీ గోడ అవతల గంట నిదానంగా మోగుతూనే ఉంది. నాయనకు ఇవాళ మతి కుదురుగా ఉందనుకుని, సంతోషంతో మరో చేట కొర్రలు రోట్లో పోసింది.

నిజానికి కాటమరాజు అప్పటికే ఊరు దాటి కొండ వైపు వెళ్లిపోయాడు.

కొండ వాలులో చెన్నకేశవులు మంద మేస్తోంది. కాటమరాజుకు వరసకు తమ్ముడి కొడుకు అతను. అతని మంద ముందు నడిచే పొట్టేలును అంతకుముందు వారమే చిరుత ఎత్తుకుపోయింది. అప్పటినుంచి జీవాలకు ఎవరి వెంట నడవాలో తెలియడం లేదు. చెన్నకేశవులు చెట్టు నీడన కునికిపాట్లు పడుతున్న సమయానికి ఎదుటి నుంచి గంట వినిపించింది. జీవాలన్నీ తలెత్తి చూసి, గంట వెంట నడిచాయి.

కాటమరాజు వెనక్కి తిరిగి చూశాడు. ఇన్నాళ్లూ వెతుకుతున్న మంద వెనకే ఉంది. ఆయనేమీ ఆశ్చర్యపోలేదు. తిన్నగా ఆదినారాయణ జొన్నచేలోకి నడిచాడు. ఒకప్పుడు అది బీడు.

ఆదినారాయణ కర్ర తీసుకుని పరుగెత్తుకొచ్చి, చేలో పడ్డ జీవాలను బంధించే బేస్తవారిపేట బందెలదొడ్డికి మందను పట్టిస్తానన్నాడు. తోలే శ్రమ మాత్రం అతనికి తప్పింది. అతను ముందు నడిస్తే కాటమరాజు అతని వెంట నడిచాడు, కాటమరాజు వెంట జీవాలు నడిచాయి. దొడ్డి వాకిలి తీయగానే ముందు ముసలాయనే లోపలికి పోయాడు. దొడ్డి కాపలాదారు గిద్యోను ఆయన్ను బయటికి రమ్మని బతిమాలాడు. జీవాలను విడిచి రానని ఆయన ఒక మూల కూర్చున్నాడు. చేసేదిలేక గిద్యోను ఆయనతో సహా తాళం వేశాడు.

ఈ వార్త ఊరు చేరేసరికి కాటమరాజు చెన్నకేశవులు మందను దొంగిలించి జైలు పాలయ్యాడని మారింది. పొరుగింటి వెంకటరత్నమ్మ వచ్చి చెబితే గురమ్మ నమ్మలేదు.

"మా నాయన గోడ అవతలే ఉన్నాడక్కా. పొద్దుటినించీ నాతో మాట్లాడతానే ఉన్నాడు."

ఇద్దరూ గోడ మీదుగా చూశారు. గుంజకు కట్టిన దూడ గురమ్మ వైపు తలెత్తి గంట మోగించింది.

"మా దూడ గదమ్మా. నిన్ననే గంట కట్టినా," అంది వెంకటరత్నమ్మ.

గురమ్మ చేట కింద పెట్టింది. పొద్దుటినుంచి తను అన్న మాటలన్నీ ఒక్కసారి గుర్తుకొచ్చాయి. చెప్పులైనా వేసుకోకుండా బేస్తవారిపేట దోవ పట్టింది.

దొడ్డి దగ్గర పంచాయితీ నడుస్తోంది. అపరాధం కట్టేసి తన మందను తోలుకుపోతానని చెన్నకేశవులు అంటున్నాడు. కుదరదని గిద్యోను అంటున్నాడు. జీవాలు ఎవరివని అడిగితే ముసలాయన తనవేనన్నాడు, వాటి నడక చూస్తే ఆయనవే అనిపిస్తోంది, రేపు కర్నూలు నుంచి దొరగారు వచ్చి అడిగితే తను ఏం చెప్పాలి? ముసలాయన సరేనంటే వదులుతానన్నాడు. ముసలాయన సరేననడం లేదు.

గురమ్మ కమ్మీల దగ్గరికి పోయి పిలిచింది. కాటమరాజు లేచి వచ్చి ఆమెను తేరిపార చూశాడు.

"ఎవురమ్మా నువ్వు?"

"నేను నాయనా, గురమ్మను."

ఆయన నవ్వాడు. "మా గురమ్మ చిన్నపిల్ల. ఇంటికాడ ఒకతే ఉండాది. దానికి చీకటంటే బయం. పొద్దుగూకేలోగా నేను పోవాల. వీళ్లేందో తలుపు తీయరు."

గురమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. అరవడానికీ ఏడవడానికీ ఇది చోటు కాదు. నిలబడి కాస్త ఆలోచించుకుంది.

"నేనూ ఆ దోవనే పోతున్నా పెద్దాయనా," అంది. "నువ్వు రా. ఆ బిడ్డ కాడికి తోడొస్తా."

ఆయన గిద్యోను వైపు తిరిగి తలుపు తీయమన్నాడు. గిద్యోను తీశాడు.

ఊరి దాకా ముసలాయన ముందు, ఆయన పక్కన గురమ్మ, వెనక జీవాలు, వాటి వెనక చెన్నకేశవులు నడిచారు. దోవ పొడుగునా కాటమరాజు తన కూతురి ముచ్చట్లు చెప్పాడు. మంచి పిల్ల అన్నాడు. మాట తక్కువ అన్నాడు. ఆ పిల్ల మీద ఆయనకు ఎంత ప్రేమ ఉందో ఈ వయసులో, పరాయిదానిలా పక్కన నడుస్తూ గురమ్మ వింది.

కొండ దగ్గరికి వచ్చేసరికి ఒక్క జీవం కూడా తప్పిపోలేదు. చెన్నకేశవులు కోపం ఎక్కడో దోవలోనే దిగిపోయింది. మర్నాడు తెల్లవారుజామునే గురమ్మ వాకిట్లో నిలబడ్డాడు.

"పెదనాయన్ను నాతో పంపు చెల్లెలా. ఆయన ముందు నడిస్తే మంద చెదరదు. నేను వెనకే ఉంటా గదా, ఆయన యాడికీ పోడు."

అట్లా కాటమరాజుకు పని దొరికింది. పొద్దున్నే పోయేవాడు, పొద్దుగూకే వేళకు దోవ తప్పకుండా ఇంటికి చేరేవాడు. కడుపునిండా తినేవాడు, హాయిగా నిద్రపోయేవాడు. ఊరంతా గురమ్మ బాధ తీరిందని చెప్పుకున్నారు.

గురమ్మ మొదటి రోజు ఇల్లు అలికింది. రెండో రోజు అలికిన ఇల్లే మళ్లీ అలికింది. ఆ తర్వాత చేయడానికి ఏమీ తోచలేదు. నాయనకు మజ్జిగ ఇచ్చి వస్తానని కొండకు బయలుదేరింది. మంద ఏ వైపు పోయిందో తెలియక చీకటిపడేదాకా తిరిగింది. మర్నాడూ అంతే. చివరికి గిద్యోనే ఆమెను బేస్తవారిపేట దోవలో చూసి, తోడుండి ఇంటికి చేర్చాడు.

అరుగు మీద కూర్చున్న కాటమరాజు ఆమెను లోపలికి రమ్మని పిలిచి, ఒంటరిగా తిరిగే ఆడమనిషిని ఇంట్లోవాళ్లు కనిపెట్టుకుని ఉండాలని గిద్యోనుకు బుద్ధి చెప్పాడు.