సందు చివర ఫైరింజన్

ఆ ఉదయం రోడ్ల ఇంజనీరు రెండుసార్లు గడ్డం గీసుకున్నాడు. ఇస్త్రీ చేసిన నీలం చొక్కా తొడుక్కుని, ఫ్లాస్కు నిండా టీ పోసుకుని, వంటింట్లో కారుతున్న కొళాయి వైపు ఆప్యాయంగా చూశాడు. దాన్ని బాగుచేయించడం ఎంతసేపు పని? కానీ అది ఆగిపోతే ఆవిడతో మాట్లాడటానికి ఒక విషయం తగ్గిపోతుంది.

ఆవిడంటే అతని భార్య. పక్క ఊళ్లో పెద్ద ఫైరింజన్ నడుపుతుంది. బదిలీ మీద వెళ్లింది మొదలు, సెలవన్న మాట ఎత్తితే చాలు, "నువ్వెళ్తే బండి నేను నడపనా అమ్మా?" అంటాడు అక్కడి అధికారి. ఈ ఊరి స్టేషన్‌లో ఉన్నది చిన్న బండి. కొత్తగా ఇళ్ల లేఅవుట్ వేసేవాళ్లు, అవతలికి దారిలేని ప్రతి వీధి చివరా పెద్ద ఫైరింజన్ ఒక్క ఊపులో తిరిగేంత గుండ్రటి జాగా వదలాలన్నది నిబంధన. అనుమానం ఉంటే పెద్ద బండినే పిలిపించి తిప్పి చూడాలన్నది ఆ నిబంధనకున్న తోక. ఇంజనీరు ఆ తోక పట్టుకునే బతుకుతున్నాడు. ఆవిడ వెళ్లిన దగ్గర్నుంచి ఈ ఊళ్లో అతనికి అనుమానం రాని వీధి లేదు.

బండి వచ్చేది. మలుపులో ఆగిపోయేది. ఆవిడ స్టీరింగ్ మీద చేతులుంచి, చాలదన్నట్టు తల అడ్డంగా ఊపేది. ఇతను జాగా పెంచమని రాసేవాడు. పెంచాక మళ్లీ పరీక్ష. ఈలోగా కిటికీ కింద నిలబడి అతనూ, కిటికీలోంచి ఆవిడా కాసేపు మాట్లాడుకునేవాళ్లు. బండి వెళ్లిపోయాక ఆ డీజిలు వాసన గాలిలో కలిసిపోయేదాకా అతను అక్కడే నిలబడేవాడు.

కానీ ఇవాళ పరీక్ష చూడటానికి అతని పై అధికారిణి స్వయంగా వస్తోంది. లేఅవుట్ వేసినాయన, ఊరంతా ప్లాట్ల బాబాయ్ అని పిలిచే పెద్దమనిషి, వెళ్లి ఆమె ముందు గోడు వెళ్లబోసుకున్నాడు. "బండి తిరిగిందా, ఇక ఈ పరీక్షలు బంద్," అని ఆమె తేల్చి చెప్పింది.

ఇంజనీరు ముందుగా వెళ్లి టేపు పరిచి చూశాడు. జాగా దివ్యంగా ఉంది. ఇక బండి తిరగడం ఖాయం. ఏదో ఒక అనుమానం పుట్టించాలి కదా! సున్నం తీసుకుని, వలయానికి కాస్త అవతలగా, మూల ప్లాట్ల మీంచి ఇంకో గీత గీశాడు.

మూల ప్లాటు ఓ రిటైర్డ్ మాస్టారిది. పొద్దున్నే తన స్థలం చూసుకోవడానికి వచ్చాడాయన.

"ఏం నాయనా, మా ఆవిడకి కట్టబోయే వంటగది మీంచి గీత గీశావేం?"

"ఊరికే మాస్టారూ, కొలత చూద్దామని."

"ఊరికే గీశావా? వంటగది పోతే మా ఆవిడ ఊరుకుంటుందనేనా?"

మాస్టారు ఫోను తీశాడు. మొదటి ఫోనులో వంటగది పోయింది. రెండో ఫోనుకి ఆ వరస ప్లాట్లన్నీ పోయాయి. మూడో ఫోనుకల్లా లేఅవుట్ మధ్యలోంచి పెద్ద హైవే వెళ్లిపోయింది. కాసేపట్లో ప్లాట్లవాళ్లంతా స్కూటర్లేసుకుని, కార్లేసుకుని దిగిపోయారు.

"మా బండ్ల మీంచి వెయ్యండి చూద్దాం, రోడ్డు!" అంటూ సున్నం గీతకి ఇవతలంతా వాహనాలు అడ్డంగా పెట్టి, తాళాలేసుకుని, గేటు దగ్గరున్న బాబాయ్ ఆఫీసు మీదికి దండెత్తారు.

బాబాయ్ దగ్గర్నుంచి ఫోను. "ఇంజనీరుగారూ, నన్ను బీరువాకి ఆనించి నిలబెట్టారండీ! హైవే ఏంటి బాబూ?"

జవాబు చెప్పేలోపే ఫైరింజన్ వచ్చింది. దాంతోపాటే అధికారిణి కూడా దిగింది. నిండిపోయిన వలయాన్ని చూసి ముఖం చిట్లించింది.

"సగం జాగా కూడా లేదు కదయ్యా! పరీక్ష వాయిదా."

వాయిదా! అంటే ఇంకోసారి. ఇంజనీరు ఫ్లాస్కు పట్టుకుని కిటికీ కిందికి పరిగెత్తినంత పని చేశాడు.

"కొళాయి ఎలా ఉంది?" అంది భార్య.

"కారుతూనే ఉంది."

"బాగుచేయించకండి."

 అతను ఫ్లాస్కు మూత తిప్పుతుండగా బండిలోని వైర్‌లెస్ గరగరలాడింది. పక్క ఊళ్లో కలప డిపో అంటుకుంది, వెంటనే రమ్మని.

"తాళాలెవరి దగ్గరున్నాయి? పిలవండి వాళ్లని!" అని అరిచింది అధికారిణి.

పిలిచే వ్యవధి లేదు. భార్య బండి పక్క అద్దాలు రెండూ మడిచేసింది. భర్త వైపు ఒక్కసారి, తప్పుచేసి దొరికిపోయినట్టు చూసింది. స్టీరింగ్ తిప్పింది. అంత పెద్ద బండీ ఆ మిగిలిన జాగాలో, మాస్టారి స్కూటరుకి వేలెడు దూరంలో, ఒక్క ఊపులో తిరిగి, సైరన్ వేసుకుని వెళ్లిపోయింది. నేల మీద టైరు గుర్తులు మాత్రం చక్కగా ఒంపు తిరిగి మిగిలాయి.

అధికారిణి ఆ గుర్తుల్ని వంగి చూసింది.

"ఇంత ఇరుకులో తిరిగిన మనిషి, ఇన్నాళ్లూ అంతంత జాగాల్లో తిరగలేకపోయిందా?"

ఇంజనీరుకి అప్పుడు తట్టింది. దొంగ అనుమానాలు పుట్టిస్తున్నది తనొక్కడే అనుకున్నాడు. బండి మలుపు తిరగకపోవడం తన అదృష్టమనుకున్నాడు. నీరసంగా రోడ్డు అంచున కూలబడ్డాడు.

"టీ ఇవ్వనేలేదు మేడమ్," అన్నాడు.

"ఎవరికి?"

"మా ఆవిడకి."

అధికారిణి వెళ్లిన బండి వైపు చూసింది, నీలం చొక్కా వైపు చూసింది.  తర్వాత అతని పక్కనే కూర్చుని, ఆ టీ తనే పోసుకుని తాగింది.

"మీ ఇద్దరి బెంగ మీద ఓ కాలనీ కట్టొచ్చయ్యా," అంది.

కలప డిపోలో మంట రెండో దొంతరకి పాకకముందే ఆరిపోయింది. ఆ తర్వాత పెద్ద బండినీ, దాని డ్రైవరునీ ఈ ఊరికే మారుస్తూ ఉత్తర్వు వచ్చింది. అందులో కారణం, 'ఇళ్ల స్థలాల వృథాను అరికట్టే నిమిత్తం' అని ఉంది. అనుమానాలన్నీ ఒక్కసారిగా తీరిపోయి, ఈ ఊరి వీధులు మళ్లీ నిబంధనల కొలతకే వచ్చాయి.

పెట్టె గుమ్మంలో దించి, తిన్నగా వంటింట్లోకి వెళ్లిన భార్య అక్కణ్నుంచే కేకేసింది: "ఇన్నాళ్లూ ఇంట్లోనే ఉండి, ఈ కొళాయి బాగుచేయించడానికి చేతులు రాలేదా మీకు?"