తొట్టిలో దిగిన మేనమామ

పొద్దున్నే తమ కథోలిక గుడిలో పూజ నుంచి వచ్చిన ప్లంబరు బూట్లకు మళ్ళీ పాలిష్ పడుతున్నాడు. తొమ్మిదింటికి మరో చర్చికి వెళ్ళాలి. అతనితో కలిసి పనిచేసే తాపీమేస్త్రి ఆపరేషనై లేచి తిరుగుతున్నందుకు అక్కడ కృతజ్ఞతారాధన పెట్టుకున్నాడు.

తల్లి అరుగు మీద తన మోకాలి దిండు దులుపుతోంది. పదేళ్ళ మోకాళ్ళ నొప్పి ఆమెది, మోకరించేటప్పుడు అది కింద ఉండాల్సిందే. ఆ దిండు లేకుండా ఆమె గుడికి వెళ్ళిన ఆదివారం లేదు.

"ఒక్క పూటకి రెండు గుళ్ళేంట్రా? వచ్చే వారం నీ మేనకోడలి జ్ఞానస్నానం. పిల్లను పట్టుకుని నిలబడాల్సిన జ్ఞానతండ్రివి నువ్వు. పెళ్ళైన ఆరేళ్ళకి పుట్టిన పిల్ల! ఏదన్నా తేడా వస్తే నీ చెల్లెలు బతకనిస్తుందా?"

"ఫాదర్ గారిని అడిగానమ్మా. మన పూజ మానకుండా వెళ్ళొచ్చన్నారు. పాడొచ్చు, ప్రార్థన చేసుకోవచ్చు. అక్కడి రొట్టె, ద్రాక్షరసం ముట్టకూడదు, అంతే."

"నోటి సంగతి చెప్పారు సరే. మిగతా ఒంటి సంగతో?"

అతను వెళ్ళేసరికి ఆరాధన మొదలైంది. ముందు వరుసలోనే ఒక కుర్చీ ఖాళీగా ఉంది. "జీవితాన్ని ప్రభువుకు అప్పగించేవాళ్ళు ముందుకొచ్చి మోకరించండి" అంటున్నారు పాస్టరు గారు. ప్లంబరు ఆ మాట పట్టించుకోలేదు. కూర్చునే ముందు, చిన్నప్పటి అలవాటు కొద్దీ, కుడి మోకాలు నేలకు ఆనించాడు. వెంటనే లేవాలి. కానీ సింకుల కింద ఇరవై ఏళ్ళు వంగిన మోకాలు పట్టేసింది.

"హల్లెలూయా!" అంది చర్చి అంతా. ఎనిమిది మంది వచ్చి అతని మీద చేతులు వేశారు.

"లేవలేకపోతున్నానండీ."

"పశ్చాత్తాపం అలాగే ఉంటుంది నాయనా" అంది ఒక ముసలమ్మ.

పావుగంట ప్రార్థించాక మోకాలు టక్కున వదిలింది. అతన్ని చెరో రెక్కా పట్టుకుని వెనకనున్న బాప్తిస్మపు తొట్టి దగ్గరికి నడిపించారు. 'నాకు నెల పిల్లాడిగా ఉన్నప్పుడే అయిందండీ' అని చెప్పబోయిన ప్లంబరు తొట్టిలోకి వంగి చూశాడు. కొళాయి తిప్పి ఉంది, నీళ్ళు మాత్రం మోకాటి లోతు దాటడంలేదు.

"ఎన్నాళ్ళుగా కారుతోంది ఇది?"

"మూడు నెలలైంది. ముగ్గురు బాప్తిస్మం కోసం ఎదురుచూస్తున్నారు" అన్నారు పాస్టరు గారు దిగులుగా.

ఇక అతని చేతులు ఊరుకోలేదు. పనిముట్ల సంచి తెప్పించుకుని బట్టలతోనే తొట్టిలో దిగాడు. సరిగ్గా అప్పుడే ఎవరో ఫొటో తీశారు.

ఫొటో అతనికన్నా ముందే ఇంటికి చేరింది. తల్లి దాన్ని ముప్పై మందికి పంపింది. అతను తడి బట్టలతో గుమ్మంలోకి వచ్చేసరికి చెల్లెలు పిల్లను ఎత్తుకుని ఏడుస్తోంది.

"వాళ్ళలో కలిసిపోయావటగా అన్నయ్యా! జ్ఞానతండ్రిగా ఇంకెవర్ని పెట్టుకోను నేను?"

"నేను మునగలేదే!"

"మునక్కుండానే ఇంత తడిశావా?" అంది తల్లి.

ఇంతలో ఫాదర్ గారు దిగారు, పాస్టరు గారి స్కూటరు మీద. ఫొటో చూసి నేరుగా అక్కడికే వెళ్ళి అడిగారట.

"ఈయన వాషరు మార్చాకే తొట్టి నిండింది. ముగ్గురికీ ఇచ్చేశాను" అన్నారు పాస్టరు గారు. "మీరూ రండి అంటే, నాది ఎప్పుడో అయిపోయింది, రెండోసారి అక్కర్లేదన్నారు."

"రొట్టె?" అన్నారు ఫాదర్ గారు.

"ముట్టలేదండీ. చేతులనిండా గ్రీజు."

ఫాదర్ గారు పకపకా నవ్వి, పిల్లను తీసుకుని అతని చేతుల్లో పెట్టారు. "జ్ఞానతండ్రీ, గట్టిగా పట్టుకో." చెల్లెలు కళ్ళు తుడుచుకుంది. అతని మోకాలు పట్టేయడం, చేతులు వేసి ప్రార్థిస్తే వదలడం చెప్పి, వచ్చే వారం జ్ఞానస్నానానికి తమ పాటల బృందాన్ని తీసుకొస్తానన్నారు పాస్టరు గారు.

తల్లి ఒక్కతే నవ్వలేదు. "పట్టేసిన మోకాలు వాళ్ళు చేతులు వేస్తే నిజంగానే వదిలిందా?"

"వదిలిందమ్మా."

"సాయంత్రం కూడా ఉంటుందా మీ ఆరాధన?"

"ఐదింటికండీ" అన్నారు పాస్టరు గారు.

ఐదుకు పావుగంట ముందు తల్లి చెప్పులేసుకుని, గేటు తీసుకుని వెళ్ళిపోయింది.

దిండు మాత్రం అరుగు మీదే ఉంది.